ఉద్దానం వెళ్తే ఏం తెచ్చుకుంటాం?



ఊరు వెళ్ళి ఉత్త చేతులతో తిరిగి రావడం మన ఆడవాళ్ళకు చేతకాదు. శ్రీకూర్మం వెళ్ళినా, సింహాచలం వెళ్ళినా, ఆఖరికి పక్క ఊరి తీర్థానికి వెళ్ళినా సంచీలో ఏదో ఒకటి వేసుకునే వస్తాం. పిల్లలకు బొమ్మ, పొరుగింటి వదినకు పసుపు కుంకాలు, మనకొక గరిటో, చేటో. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు. వెళ్ళిన చోటును కొంచెం ఇంటికి తెచ్చుకోవాలనే ముచ్చట అది.

ఇప్పుడు ప్రయాణాలు పెరిగాయి. సెలవులు వస్తే పిల్లాపాపలతో కొత్త చోట్లు చూడబోతున్నారు. అరకు వెళ్ళినవారు కాఫీపొడి తెస్తారు. ఏటికొప్పాక వెళ్ళినవారు లక్క బొమ్మలు తెస్తారు. మరి మా వైపు, అంటే శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి, ఉద్దానం వైపు వచ్చినవారు ఏం పట్టుకువెళతారు? పలాసలో రైలు ఆగితే హడావుడిగా ఒక జీడిపప్పు పొట్లం కొంటారు. రైలు కదులుతుంది. "పలాస చూశాం" అంటారు.

జీడిపప్పు కొనడం మంచిదే. కాని చూడడమంటే అది కాదు. మా ప్రాంతానికి వచ్చినవారు ఏం చూడాలి, ఎలా చూడాలి, ఏం కొనాలి, ఎలా కొనాలి అన్న సంగతి ఈ పూట మీతో ముచ్చటిస్తాను. నేను వ్యాపారస్థురాలిని కాను. ఇల్లు చక్కబెట్టుకునే మనిషిని. ఇంటికి పనికివచ్చే వస్తువు ఏదో, నాలుగు రోజులకే అటకెక్కే వస్తువు ఏదో గృహిణికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

ముందుగా ఒక మాట. పెద్ద పట్నాల్లో చేతిపనుల బజార్లు పెడతారు. ఒకే ఆవరణలో వరసగా దుకాణాలు, మధ్యలో తినుబండారాలు, సాయంత్రం పాటకచేరీ. ఓ పూటలో అన్నీ చూసి రావచ్చు. మా వైపు అటువంటి చోటు కోసం వెతక్కండి. ఇక్కడ బజారంతా ఊళ్ళలోనే పరుచుకుని ఉంటుంది. ఒక వస్తువు తోటలో దొరుకుతుంది, ఒకటి కొలిమి దగ్గర, ఒకటి మగ్గం దగ్గర, ఒకటి సంతలో. కాళ్ళకు కాస్త పని చెప్పాలి. అలా తిరిగితే పట్నం బజారులో దొరకనిది ఒకటి మీకిక్కడ దొరుకుతుంది. వస్తువును చేసిన మనిషి ఎదురుగా కనిపిస్తుంది.

ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పరుచుకున్న పచ్చని నేల ఇది. తూర్పున సముద్రం, పడమట మహేంద్రగిరి కొండలు. మధ్యలో ఇసుక నేలల మీద కొబ్బరి, జీడిమామిడి, పనస. ఎండాకాలంలో కూడా తోటలో నిలబడితే ప్రాణం లేచివస్తుంది.

మొదట పలాస సంగతి చెప్పుకుందాం. రైలు దిగితే పలాస, బస్సు దిగితే కాశీబుగ్గ. పేరుకు రెండు గాని ఊరొకటే. ఇక్కడ జీడిపప్పు పరిశ్రమ కొన్ని తరాలుగా ఉంది. చుట్టుపక్కల తోటల పిక్క చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా తెప్పిస్తారు. పిక్క అంటే పెంకుతో ఉన్న గింజ. మన నోట్లో వెన్నలా కరిగే పప్పు ఆ పెంకు లోపల ఉంటుంది. అక్కడి నుంచి దాన్ని చెక్కు చెదరకుండా బయటకు తేవడమే అసలు విద్య.

పిక్కల్ని ఎండబెడతారు. ఆ తరువాత కాలుస్తారు, లేదా ఆవిరి పడతారు. చల్లారాక ఒక్కొక్క పిక్కనూ కొట్టి పప్పు తీస్తారు. దానిని మళ్ళీ వేడి గదిలో ఆరబెట్టి పొట్టు తీస్తారు. చివరకు పరిమాణం చూసి, రంగు చూసి వేరు చేస్తారు. ఇప్పుడు యంత్రాలు చాలా వచ్చాయి. అయినా కొట్టే చోట, పొట్టు తీసే చోట, ఏరే చోట కూర్చున్నవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. జీడి అంటుకుంటే వదలదని మనకు తెలుసు. పెంకులో ఉన్న ఆ నూనె చర్మాన్ని కాలుస్తుంది, నల్లబరుస్తుంది. చేతులకు బూడిదో, ఆముదమో రాసుకుని పని చేస్తారు. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన చేతుల్ని చూస్తే మీకే అర్థమవుతుంది. మన పాయసంలో పప్పు తెల్లగా తేలడానికి ఇంకొకరి వేళ్ళు నల్లబడుతున్నాయి.

ఇది చెప్పి మీ నోటి దగ్గర పాయసం చేదు చేయాలని కాదు. కొనేటప్పుడు తెలిసి కొనాలని. నాలుగు కిలోల పిక్క కొడితే సుమారు ఒక కిలో పప్పు వస్తుంది. డబ్బా మీద ఇంగ్లీషు అక్షరం డబ్ల్యూ, పక్కన 180, 210, 240, 320 అని అంకెలు ఉంటాయి. అవి చాలామందికి తెలియవు. ఒక పౌను తూకానికి, అంటే సుమారు 450 గ్రాములకు, ఎన్ని గుండు పప్పులు తూగుతాయో చెప్పే అంకె అది. అంకె చిన్నదైతే పప్పు పెద్దది, ధరా ఎక్కువ. మన వంటకు అంత పెద్దది అక్కరలేదు. పెళ్ళివారికి పళ్ళెంలో పెట్టడానికి గుండు పప్పు కొనండి. ఉప్మాకి, కుర్మాకి బద్ద చాలు. లడ్డూలకి ముక్క చాలు. రుచి ఒకటే. కొనేముందు ఒక పప్పు చేత్తో విరిచి చూడండి. పటుక్కున విరగాలి. మెత్తగా వంగిందంటే తేమ పట్టిందన్నమాట. ఇంటికి తెచ్చాక మూత బిగువుగా ఉన్న డబ్బాలో పోసుకోండి. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం.

పలాస నుంచి సముద్రం వైపు తోటల్లోకి వెళితే రెండో వస్తువు కనిపిస్తుంది. కొబ్బరి పీచు. కాయ కొట్టుకుని డొక్క పారేసే అలవాటు మనది. మా కవిటి, కంచిలి వైపు డొక్కకూ విలువ ఉంది. దాన్ని నానబెట్టి, కొట్టి, పీచు తీసి, ఎండబెట్టి, తాళ్ళు పేనుతారు, పట్టలు నేస్తారు. పీచు తీయగా రాలిన పొట్టును ఒకప్పుడు గుట్టలుగా పారబోసేవారు. ఇప్పుడు అదే పొట్టును ఇటుకల్లా అచ్చుపోసి మొక్కల పెంపకానికి అమ్ముతున్నారు. మేడల మీద కుండీల్లో పూలమొక్కలు పెంచుకునేవారికి ఇది మహా ఉపయోగం. నీటిని పట్టి ఉంచుతుంది, కుండీ బరువు పెరగదు. కొబ్బరి పీచు పరిశ్రమ కోసం మన దేశంలో 1953లోనే ప్రత్యేకంగా చట్టం చేసి ఒక బోర్డు పెట్టారు. మనం కాళ్ళు తుడుచుకునే పట్ట వెనకాల ఇంత కథ ఉంది.

కిందటేడు మా చెల్లెలి కూతురు, దాని స్నేహితురాలు బెంగుళూరు నుంచి సెలవులకు వచ్చారు. "పెద్దమ్మా, ఇక్కడ చేతిపనులు ఏమున్నాయో చూపించు" అంటే కవిటి వైపు తోటల్లోకి తీసుకువెళ్ళాను. ఒకామె ఇంటి ముందు కొబ్బరి తాడు పేనుతోంది. ఆ స్నేహితురాలికి తాడు నచ్చింది. ఇంటి గోడకు అలంకారంగా వేలాడదీస్తుందట. ధర అడిగింది. వెంటనే, పట్నం అలవాటు కాబోలు, "సగానికి ఇస్తారా?" అంది.

ఆమెకు కోపం రాలేదు. నవ్వింది. "ఇత్తాను తల్లీ. సగం దరకయితే సగం పేని ఇత్తాను, మిగతాది నువ్వు పేనుకో" అంది.

అందరం నవ్వాం. ఆ పిల్ల కూడా నవ్వి, సరదాగా పక్కన కూర్చుని పీచు చేతిలోకి తీసుకుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి ఒరిపిడి ఇస్తుంటే పీచు జారిపోతుంది, పురి పడదు. పావుగంటకు జానెడు తాడు వచ్చింది. అదీ ఒకచోట లావు, ఒకచోట సన్నం. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. ఆమె ఆ జానెడు ముక్క చూసి, "డొక్క కొన్నది, నానేసింది, కొట్టింది, ఎండేసింది లెక్క ఎయ్యలేదు తల్లీ. పేనిందొక్కటే చూసినావు" అంది. ఆ పిల్ల మారుమాటాడకుండా అడిగినంత ఇచ్చింది. తాడుతోపాటు తను పేనిన ఆ జానెడు ముక్కను కూడా భద్రంగా సంచీలో పెట్టుకుంది.

ఆ తోటల గురించి ఇంకొక సంగతి చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. పంట పోతే మళ్ళీ ఏడాదికి పంట వస్తుంది. కొబ్బరిచెట్టు పోతే అలా కాదు. నాటు రకం మొక్క నాటితే కాయ చూడటానికి ఆరేడేళ్ళు ఆగాలి. తాతలు నాటిన చెట్లు పోయి, మనవలు మళ్ళీ మొక్కలు నాటుకున్నారు. వాళ్ళకు కాయతోపాటు పీచు కూడా నాలుగు డబ్బులు తెచ్చిపెడితే ఆ చెట్టు నిలబడుతుంది. లేకపోతే కొట్టేసి వలసపోతారు. ఇక్కడి నుంచి కుర్రవాళ్ళు పని వెతుక్కుంటూ దూరదేశాలు పోవడం కొత్తేమీ కాదు.

ఉద్దానం పేరు చెబితే కొంతమందికి కిడ్నీ జబ్బు గుర్తుకు వస్తుంది. నిజమే, ఇక్కడ చాలా ఇళ్ళల్లో దశాబ్దాలుగా ఆ కష్టం ఉంది. ఇందువల్లనే వచ్చిందని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభించారు. వంశధార నీటిని హిరమండలం నుంచి గొట్టాల ద్వారా తాగడానికి తెచ్చే పథకమూ వచ్చింది. నేను చెప్పేది ఏమిటంటే, అది అంటువ్యాధి కాదు. మీరు వచ్చి రెండు రోజులుండి, తోటలు చూసి, కొబ్బరి నీళ్ళు తాగి వెళ్ళినంత మాత్రాన మీకేమీ కాదు. భయపడి రాకపోతే మాత్రం ఆ ఇళ్ళవారికి నష్టం. ఇంటి మగవాడు మంచాన పడితే, వారానికి రెండు మూడుసార్లు రక్తశుద్ధికి తీసుకువెళ్ళవలసి వస్తే, ఆ ఇల్లు దేనితో నడుస్తుంది? పిక్క కొట్టిన కూలితో, పేనిన తాడుతో, ఆడదాని చేతులతో నడుస్తుంది. మీరు కొనే పట్ట చిన్నదే కావచ్చు. ఆ ఇంట్లో అది ఒక పూట బస్సు చార్జీ.

ఇక టెక్కలి వైపు వెళదాం. నౌపడా జంక్షన్ దగ్గర పెద్దలైను దిగి గుణుపూరు రైలెక్కితే మొదట వచ్చే స్టేషను టెక్కలి. చలికాలంలో వచ్చారా, టెక్కలి దగ్గరలో తేలినీలాపురం అని ఒక ఊరుంది. ఎక్కడెక్కడి నుంచో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఆ ఊరి చెట్ల మీద కాపురాలు పెడతాయి. పిల్లలకు చూపించండి. అది చూసుకుని పడమరగా సారవకోట మండలంలోకి వెళితే బుడితి వస్తుంది. మా జిల్లా ఆడపిల్లలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె, కంచు గిన్నెల మీద బుడితి పేరు చెప్పుకోవడం పాత మాట. ఆ ఊరి కంచు, ఇత్తడి పనితనానికి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ గుర్తింపు అంటే, ఇంకెక్కడో చేసిన సరుకును బుడితి సరుకని అమ్మకూడదని చట్టం.

కొలిమిలో లోహం కరగబెట్టి, అచ్చులో పోసి, చల్లారాక సుత్తితో సాగగొట్టి, తరిమెన పట్టి నునుపు చేస్తారు. కొలిమి పక్కన అయిదు నిమిషాలు నిలబడితే చాలు, చీర కొంగు తడిసిపోతుంది. ఆ వేడిలో రోజంతా పనిచేసేవారికి ఆ గీతలు, ఆ గుండ్రాలు, బిందె మెడ దగ్గర ఆ వంపు ఎలా కుదురుతాయో! కొలతబద్ద కనిపించదు. కళ్ళే కొలత.

కంచుకీ ఇత్తడికీ తేడా మన పిల్లలకు తెలియడం లేదు. రాగిలో తగరం కలిస్తే కంచు, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. కంచు గిన్నెను వేలి కణుపుతో కొట్టి చూడండి. మోత చాలాసేపు సాగుతుంది. ఈ ప్రసంగం రేడియోలో చదివిన రోజున మా ఇంటి కంచు గిన్నె తీసుకువెళ్ళి మైకు ముందు మోగించాను. అచ్చులో వినిపించలేను గనుక, మీరే మీ అటక మీది గిన్నె దించి మోగించి చూసుకోండి. మోత బండగా, తెగినట్లుగా వస్తే ఎక్కడో బీట ఉందన్నమాట. అది కొనవద్దు. కంచు చేయి జారితే పగులుతుంది, ఇత్తడి సొట్ట పడుతుంది. ఇత్తడి గిన్నెలో పులుసు కాచాలంటే కళాయి ఉండాలి. లేకపోతే చిలుము పడుతుంది. నీళ్ళకు, పూలకు, దీపాలకు కళాయి అక్కరలేదు. తోమడానికి చింతపండు, బూడిద ఉండనే ఉన్నాయి. తోమిన వెంటనే పొడి గుడ్డతో తుడవడం మరిచిపోకండి. నీటి మరక పడితే మళ్ళీ మొదటికి వస్తుంది.

సత్తు గిన్నెలు, ఆ తరువాత స్టీలు, ఆ తరువాత ప్లాస్టిక్ వచ్చాయి. తేలిక, చవక. ఇత్తడి అటకెక్కింది. అటక మీది నుంచి పాతసామాన్లవాడి తక్కెడలోకి దిగింది. పెళ్ళిసారెకు తప్ప బిందె కొనేవారు తగ్గారు. కొనేవారు తగ్గితే కంచరి కొడుకు కొలిమి దగ్గర కూర్చోడు. వాడినేమీ అనలేం. చదువుకున్నాడు, మంచి జీతం ఎక్కడ దొరికితే అక్కడికి పోతాడు. కాని చేతిపని పుస్తకంలో దాచుకునే చదువు కాదు. తండ్రి చెయ్యి చూసి కొడుకు చెయ్యి నేర్చుకోవాలి. మధ్యలో ఒక్క తరం తప్పిందా, ఇక దానిని మళ్ళీ నేర్పేవారుండరు. తిత్లీలో పోయిన కొబ్బరిచెట్టును మళ్ళీ నాటుకున్నాం. ఇది నాటితే వచ్చేది కాదు.

మీకు ఇంకొక రోజు తీరిక ఉంటే మళ్ళీ పెద్దలైను పట్టుకుని దక్షిణానికి వెళ్ళండి. శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటాక పొందూరు వస్తుంది. సన్న ఖద్దరుకు పుట్టిల్లు. గాంధీగారు మెచ్చుకున్న ఖద్దరు ఇది. ఇక్కడ పత్తి శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. వినడానికి వింతగా ఉంటుంది గాని, ఆ ఎముకకున్న సన్నని పళ్ళ మధ్య నుంచి దూస్తే పత్తిలో నలక మిగలదు. ఏకు పట్టడం, వడకడం, అన్నీ ఆడవాళ్ళ పని. ఒంటి కదురు రాట్నం ముందు కూర్చుని నూరో నంబరు దాకా నూలు తీస్తారు. కంటికి ఆనని పోగు. నూలుకు నంబరు పెరిగినకొద్దీ పోగు సన్నమని మీకు తెలుసు కదా. అక్కడి ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఆ నూలు వడికేవారినీ, నేసేవారినీ ఒక్కచోటికి చేర్చి బట్ట అమ్మి పెడుతుంది. కొనేటప్పుడు ఖాదీ గుర్తు ఉందా అని చూసుకోండి. వెలుతురులో పట్టి చూస్తే చేతి నూలు అక్కడక్కడ కొంచెం హెచ్చుతగ్గులుగా కనిపిస్తుంది. దానిని లోపమనుకోకండి. అది చేత్తో వడికారనడానికి సాక్ష్యం. మిల్లు బట్ట అంతా ఒక్కలాగే ఉంటుంది.

ఇప్పుడు బేరం సంగతికి వస్తాను. బేరమాడవద్దని నేనెందుకంటాను? సంతకు వెళ్ళి బేరం ఆడకపోతే వంకాయకు కూడా కోపం వస్తుంది! కాని బేరంలో తేడా ఉంది. పదిమంది దగ్గర సరుకు తెచ్చి అమ్మే దుకాణదారు దగ్గర బేరమాడండి. అతని లెక్కలో లాభం ఎంతో అతనికి తెలుసు, తగ్గవలసినంత తగ్గుతాడు. చేసిన మనిషే అమ్ముతున్నప్పుడు మాత్రం ముందు మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఎవరు చేశారు? దేనితో చేశారు? చేయడానికి ఎన్ని పూటలు పట్టింది? జవాబు విన్నాక మనసులో ఒక లెక్క వేసుకోండి. మన ఇంటికి వచ్చిన తాపీమేస్త్రికి పూటకు ఎంత ఇస్తాం? రంగులు వేసేవాడికి ఎంత ఇస్తాం? అన్ని పూటలకు కూలీ, పైన సరుకు ఖరీదు కలిపితే ఎంతవుతుంది? చాలాసార్లు వారు చెప్పిన ధర ఆ లెక్కకంటే తక్కువే ఉంటుంది. అప్పుడు బేరం ఆడటానికి మనకే నోరు రాదు.

ఈ మూడు ప్రశ్నల వల్ల ఇంకొక లాభం కూడా ఉంది. మోసం బయటపడుతుంది. మొరాదాబాదు ఇత్తడి మంచిదే కావచ్చు. కాని అది బుడితి ఇత్తడి కాదు. నైలాను తాడు గట్టిదే కావచ్చు. కాని అది ఉద్దానం తాడు కాదు. ఎవరు చేశారంటే తడబడేవాడి దగ్గర చేతిపని వస్తువని చెప్పి అధిక ధర ఇవ్వవలసిన పనిలేదు.

ఇంకో మాట. "పాపం, బీదవాళ్ళు" అని జాలితో కొనకండి. జాలితో కొన్న వస్తువు ఇంటికి వచ్చాక మూల పడుతుంది. వచ్చే ఏడు మళ్ళీ కొనరు. మీకు పనికివచ్చేది కొనండి. పెద్ద బిందె అక్కరలేకపోతే చిన్న చెంబు ఇమ్మనండి. మీ గడప కొలత చెప్పి ఆ కొలతకు పట్ట నేయించుకోండి. పూలకుండీ వేలాడదీసుకోవడానికి తాడు ఎంత పొడుగు కావాలో చెప్పండి. చేసేవారికి చేతిలో పనితనం ఉంది. పట్నంలో ఈనాటి ఇళ్ళల్లో ఏం కావాలో మనకు తెలుసు. ఆ రెండూ కలిస్తే కొత్త నమూనా పుడుతుంది. పూర్వం మన అమ్మమ్మలు కంచరి దగ్గర కూర్చుని, "మెడ కొంచెం సన్నం చెయ్యి బాబూ, చంకలో నిలవాలి" అని చెప్పి చేయించుకోబట్టే కదా బిందెకు ఆ నడుము వచ్చింది! చేసేవారిదీ, వాడేవారిదీ, ఇద్దరిదీ ఆ తెలివి.

నచ్చిన వస్తువును ఫోటో తీసుకోవాలని ఉంటే అడిగి తీసుకోండి. ఒక్కటీ కొనకుండా పాతిక ఫోటోలు తీసుకుపోతే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అందరూ ఫోన్లు పట్టుకున్న ఈ రోజుల్లో చేసినవారి నంబరు అడిగి రాసుకోవడం అంతకంటే మేలు. పండక్కి ఇంకో నాలుగు కావాలంటే నేరుగా వారికే చెప్పి తెప్పించుకోవచ్చు. మధ్య దళారీకి పోయేది చేసిన చేతికే పోతుంది.

తెచ్చుకున్నాక దాచకండి, వాడండి. కంచు గిన్నెలో పెరుగు తోడు పెట్టండి. ఇత్తడి చెంబుతో అతిథికి మంచినీళ్ళు ఇవ్వండి. పొందూరు చీర బీరువాలో మడత పెట్టి ఉంచితే దాని మెత్తదనం మీకెలా తెలుస్తుంది? ఉతికినకొద్దీ మెత్తబడే బట్ట అది. పిల్లలు అడుగుతారు, "అమ్మా, ఇదెక్కడిది?" అని. అప్పుడు చెప్పండి. చేపముల్లుతో పత్తి దువ్వే ఊరు ఒకటుందని, ఇసుకలో కొబ్బరితోట పెంచే ఊరు ఒకటుందని. తుపాను వచ్చి చెట్లన్నీ కూలిపోతే మళ్ళీ నాటుకున్నవాళ్ళు అక్కడ ఉన్నారని చెప్పండి.

ఈసారి పలాసలో రైలు ఆగితే పొట్లం ఒక్కటీ కొని ఊరుకోకండి. వీలుంటే దిగండి. ఒకటి రెండు రోజులు మా వైపు తిరగండి. తోటల నీడ ఉంది, సముద్రం గాలి ఉంది, పలకరిస్తే నాలుగు మాటలు చెప్పే మనుషులున్నారు. సంచీ మాత్రం కొంచెం పెద్దది తెచ్చుకోండి.

సెలవు.